సైడ్‌కార్ కుడివైపుకు మారిన ఏడాది

మా ఆయన రేసుల్లోకి దిగాడని చెబితే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. నమ్మినవాళ్ళేమో బండి తోలుతున్నాడనుకున్నారు. ఆయన తోలడు. అది మూడు చక్రాల బండి. మోటార్‌సైకిల్‌కు పక్కనే నేలబారుగా ఒక బల్ల, ఆ బల్లకొక చక్రం. ముందున్న మనిషి మోకాళ్ళ మీద వంగి తోలుతాడు. బల్ల మీదున్న మనిషి ప్రతి మలుపులోనూ తన ఒంటిని ఆ పక్కకో ఈ పక్కకో వేలాడేసి బండి తిరగబడకుండా చూస్తాడు. ఆ మనిషికి సీటుండదు, బెల్టుండదు, పట్టుకోవడానికి నాలుగు ఇనుప కడ్డీలుంటాయి. మా ఆయన ఆ రెండో మనిషి. "అయితే మీ ఆయన ఇసక మూటన్నమాట" అంది మా అక్క ఫోన్లో. నేనూ నవ్వాను. కంచె అవతల నిలబడి ఒక్కసారి చూసి ఉంటే ఆమె ఆ మాట అనేది కాదు.

మాది ఒంగోలు వైపు. నేను షార్జాలో ఒక ఆసుపత్రిలో నర్సుని. ఆయన దుబాయ్ అల్ ఖూజ్‌లో ఇనుప పని చేసే వర్క్‌షాప్‌లో వెల్డర్. వర్క్‌షాప్ యజమాని ఒక ఇంగ్లీషాయన, అరవై దాటినవాడు. ఇక్కడి అలవాటు కొద్దీ అందరూ ఆయన్ని అరబ్బీలో ముదీర్, అంటే పెద్దసారు, అంటారు. ఆయనకు ఉన్న పిచ్చి అదొక్కటే, సైడ్‌కార్. తనలాంటి పిచ్చివాళ్ళతో కలిసి ఎడారి అంచున ఒక ట్రాక్ మీద చలికాలమంతా రేసులాడతాడు. కరోనా వచ్చిన ఏడాది ఆయన వెనక బల్ల మీద ఉండే మనిషి దేశం వదిలి వెళ్ళిపోయాడు. ట్రాక్ మళ్ళీ తెరిచాక ముదీర్ షాపంతా కలియజూసి, పొట్టిగా, గట్టిగా, ఉక్కు పిడికిళ్ళతో ఉన్న మా ఆయన దగ్గర ఆగాడట. "ఈ బల్ల చేసింది నువ్వే కదా, ఎక్కి చూడు" అన్నాడట.

ఆయన ఎక్కాడు. నన్నడగలేదు. అడిగి ఉంటే ఒద్దనేదాన్ని, అది ఆయనకు తెలుసు.

ఒద్దనడానికి నాకొక కారణం ఉంది. అదే ఏడాది, అంతకు కొన్ని నెలల ముందు, పికప్ లోంచి ఇనుప రేకులు దించుతుంటే ఆయన ఎడమ భుజం గూటిలోంచి జారింది. ఎముక మళ్ళీ కూర్చోబెట్టిన డాక్టరు, ఒకసారి జారిన భుజం ఇంకోసారి తేలిగ్గా జారుతుందని నాకు విడమరిచి చెప్పాడు. నేను కరోనా వార్డులో ఉన్న రోజులవి. ఇంటికొచ్చి స్నానం చేసి, గుడ్డతో ఆయన చెయ్యి మెడకు కట్టి మళ్ళీ డ్యూటీకి పోయేదాన్ని. షాపులో మాత్రం ఆయన భుజం బెణికిందని చెప్పాడు. ఆ ఏడాది చుట్టూ ఎంతమందిని ఇళ్ళకు పంపేస్తున్నారో మాకు కనబడుతూనే ఉంది. దెబ్బ తిన్న చెయ్యి ఉందని ఎవడు చెప్పుకుంటాడు. నేనూ ఆ పని సబబే అనుకున్నాను.

ముదీర్ బండికి బల్ల ఎడమవైపు ఉండేది. వాళ్ళ దేశంలో అంతేనట. ఎడమ మలుపులో ఆయన బల్ల మీంచి ఎడమకు వేలాడాలి. అప్పుడు బరువంతా లోపలి కడ్డీ పట్టుకున్న కుడి చేతి మీద పడుతుంది. ఎడమ చెయ్యి ఊరికే తోడుంటుంది. కుడి మలుపులో వెనక చక్రం మీదుగా అటు వంగుతాడు, అది ఒళ్ళంతా పంచుకునే పని. ఆ సంగతి బల్ల దగ్గరే నిలబడి, ఒక్కో చెయ్యీ పెట్టి చూసి తెలుసుకున్నాకే నేను నోరు మూసుకున్నాను.

బండి ఏటికేడు మారుతూ వచ్చింది. మొదట మామూలు మోటార్‌సైకిల్‌కు బల్లను బోల్టులతో బిగించేవాళ్ళు. తర్వాత బండీ బల్లా కలిపి ఒకే చట్రంగా చేసుకోవచ్చని క్లబ్బు ఒప్పుకుంది. చక్రాలకు కారు టైర్లలాంటి వెడల్పాటి టైర్లు వచ్చాయి. బరువు ఎంత కిందికి దిగితే మలుపులో అంత నిలకడ అంటూ పెట్రోలు ట్యాంకుని కూడా తోలేవాడి కడుపు కింద నుంచి తీసి బల్ల కిందకు మార్చారు. ఇవన్నీ ఆయన నాకు అన్నం దగ్గర గిన్నెలూ మూతలూ జరిపి చూపించేవాడు.

"అంటే ఇప్పుడు నువ్వు పెట్రోలు మీద పడుకుని తిరుగుతావా?" అన్నాను.

"మజ్జెన రేకు ఉందిగా. నేనే ఏసినా ఆ రేకు."

"నువ్వేసిన రేకు గాబట్టే అడుగుతుండా."

ఆయన నవ్వి పప్పు కలుపుకున్నాడు. ఆ కొత్త చట్రంలో ప్రతి అతుకూ ఆయన చేతిదే. షాపులో ఆయన రోజంతా మెట్ల రెయిలింగులు చేస్తాడు. అవి ఎవరింటికి పోతాయో, ఎవరు పట్టుకుంటారో ఆయనకు తెలియదు. ఈ బండి ఒక్కటే తను చేసి, తనే ఎక్కి, పదిమంది చూస్తుండగా తిరిగేది. శనివారం ట్రాక్ నుంచి వచ్చి, ఒంటి నిండా ఇసకతో గుమ్మంలో షూ విప్పుతున్నప్పుడు ఆయన మొహం చూస్తే నాకు తిట్టబుద్ధి అయ్యేది కాదు. ఆదివారం చర్చిలో కూడా ఆ వెలుగు మిగిలి ఉండేది. అది పోతుందేమోనన్నదే ఆ తర్వాత నా దిగులంతా.

ఇంకో సంగతి చెప్పాలి. బయలుదేరే గీత దగ్గర ఇంజన్ల మోతలో మాట వినబడదు. తోలేవాడు వెనక్కి చూడలేడు. అందుకని బల్ల మీది మనిషి తను సర్దుకున్నాక తోలేవాడి వీపు మీద రెండుసార్లు తడతాడు. నేను కుదురుకున్నాను, ఇక పోనియ్యమని దానర్థం. ఆ తట్టు పడనిదే బండి కదలదు. మనిద్దరి మధ్య ఉన్న చట్టం ఇదొక్కటే అని ముదీర్ మొదటి రోజే చెప్పాడట. పాత బండిలో ఆయన కుడిచేత్తో తట్టేవాడు. తట్టిన చెయ్యి కిందికి దించితే చాలు, కడ్డీ అక్కడే ఉండేది.

ఒక చలికాలం మధ్యలో ట్రాక్ వాళ్ళు ఎడమ మలుపు లోపలి అంచున కొత్తగా కాంక్రీటు గోడ కట్టారు. ఆ శనివారం ఆయన ఇంటికి తెచ్చిన హెల్మెట్‌కు ఎడమవైపు తెల్లగా ఒక గీత ఉంది. గోరుతో గీకితే సిమెంటు రాలింది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. తర్వాత వచ్చి అనాల్సినవన్నీ అన్నాను.

అట్లాంటి గీతలు ఇంకా కొందరి హెల్మెట్ల మీద కూడా పడ్డాయి. వచ్చే చలికాలం నుంచి బల్ల కుడివైపు ఉన్న బండ్లే రావాలని క్లబ్బు తీర్మానించింది. కుడి మలుపులన్నీ ఇసక వైపు ఉన్నాయి, వేలాడినా తగలడానికి ఏమీ లేదు. ఆయన ఫోనులో ఆ మెసేజి చదివి వినిపించినప్పుడు అందరికంటే ముందు సంతోషపడింది నేనే. ఎవరో గాని బుద్ధున్నవాళ్ళున్నారు అన్నాను. ఆయన మాత్రం ఫోను పక్కన పెట్టి, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే కుడికి వాలి, ఎడమ చెయ్యి చాచి టేబులు అంచు పట్టుకున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఇక మీదట వేలాడాల్సింది ఆ చెయ్యి మీద.

"మానెయ్" అన్నాను.

"ఎండాకాలం అంతా ఉందిగా. అలవాటు చేసుకుంటా."

"భుజం అలవాటు చేసుకోదయ్యా. అది ఎముక."

"మరి బండెవడు కడతాడు? నేనేగా. నాకు కావాల్సినట్టు కట్టుకుంటా."

ఆ ఎండాకాలమంతా షాపులో బండిని అద్దంలో బొమ్మలాగా తిరగేసి కట్టారు. షాపులో ఇంజన్ పని చూసే కడప ఆయన, మా ఆయన భాయ్ అని పిలిచే మనిషి, గొలుసూ గొట్టాలూ అటువి ఇటు మార్చాడు. ఇంట్లో సాధన. అజ్మాన్‌లో మాది వంటిల్లు కాక ఒక్క గది. మంచం గోడకు నిలబెట్టి, చెక్క బల్ల నేల మీద వేసి, బాత్‌రూముల్లో బిగించే స్టీలు కడ్డీలు దానికి కొట్టాడు. ముందు స్టూలు మీద నన్ను కూర్చోబెట్టాడు. నేను ముదీర్‌ని. వెనక్కి చూడకుండా కుడి, ఎడమ అని అరవాలి. ఆయన దొర్లి, లేచి, వేలాడేవాడు. కింది ఇంటి మలబారీ ఆమె ఒకసారి పైకొచ్చి, ఏదైనా గొడవా చేచీ, అక్కా, అని నన్ను చాటుగా అడిగింది. నేను స్టూలు మీద కూర్చుని బండి నడుపుతున్నానని ఆమెకు ఎట్లా చెప్పను.

మొదటి రోజే నేనొకటి గమనించాను. తట్టాల్సి వచ్చినప్పుడు ఆయన దూరంగా ఉన్న కుడి చేతిని బయటి కడ్డీ నుంచి వదిలి, ఒళ్ళు అడ్డంగా తిప్పి నా వీపు తట్టాడు. ఎడమ చెయ్యి నా వీపు పక్కనే ఉంది.

"దగ్గరున్న చెయ్యి ఉండగా దూరంది ఎందుకు తెస్తావ్?"

"ఎడం చేత్తో పెద్దాయన్ని తట్టమంటావా?"

"ఆయనకేం తెలుసు ఈ సంగతులు."

"ఆయనకు తెలవదు. నాకు తెలుసుగా."

నేనూ అట్లా పెరిగినదాన్నే. వార్డులో కుడిచేతిలో ఏదున్నా పక్కన పెట్టి, ఆ చేత్తోనే మాత్రలు అందిస్తాను. భాయ్‌ని అడిగితే ఆయనా అదే అన్నాడట, "ఎడం చెయ్యి ఎట్ల ఏస్తావబ్బా పెద్ద మనిషి మింద?" అని. ముగ్గురం కూర్చుని దీని గురించి మాట్లాడుకున్నాం గానీ ముదీర్‌కు ఒక మాట చెబుదామని ఎవరికీ తోచలేదు. చెబితే నవ్వి, ఏ చేత్తోనైనా కొట్టు, కాలితో తన్నినా నాకు పర్లేదు అనేవాడు. ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు అది చెప్పుకునే సంగతి అని కూడా అనిపించలేదు.

నేను మాత్రం పట్టు విడవలేదు. తట్టి చెయ్యి వెనక్కి పోయేలోపు బండి దూకితే ఏం పట్టుకుని ఉంటావని రోజూ పోరాను. చివరికి ఎడమ చేత్తో తట్టడం మొదలుపెట్టాడు. "నువ్వు పెద్దదానివి గాదుగా, పర్లేదులే" అన్నాడు. ఎండాకాలం చివరికి ఆ తట్టు నా వీపుకు అలవాటైపోయింది. తేలిగ్గా, తడబడకుండా పడేది. గెలిచాననుకున్నాను.

భుజం కోసం నేనొక ఉపాయం చెప్పాను. వేళ్ళతో పట్టుకుని వేలాడితే భారం అంతా భుజం గూటి మీద పడుతుంది. ముంజేతిని దూర్చుకునేటట్టు ఒక వంకీ ఉంటే, మోచెయ్యి పక్కటెముకలకు దగ్గరగా ఉండి, భుజం కదలదు. మంచం మీంచి రోగిని లేపేటప్పుడు మేమూ చేతులు ఒంటికి దగ్గరగానే పెట్టుకుంటాం. ఆయన దాన్ని కట్టాడు. బండి మీద పెట్టి చూస్తే కుడి మలుపులో ఆయన హాయిగా వేలాడాడు, నొప్పి లేదన్నాడు. ముదీర్‌కు అది నచ్చింది. ఎందుకు కట్టాడో మాత్రం ఆయనకు తెలియదు.

చలికాలం మొదటి రేసు ఒక శనివారం పొద్దున. గాలి చల్లగా ఉంది, దుప్పట్టా చెవులకు చుట్టుకున్నాను. రేసుకు ముందు క్లబ్బు తరఫున ఒకాయన బండ్లన్నిటినీ వంగి వంగి పరీక్ష చేశాడు. మా వంకీ దగ్గర ఆగాడు. అందులోకి తన చెయ్యి దూర్చి, బయటికి లాగబోయాడు, మోచెయ్యి తట్టుకుంది. తల అడ్డంగా ఊపాడు. బండి తిరగబడితే బల్ల మీది మనిషి విడివడి దూరంగా పడాలి, బండికి ఇరుక్కుని దాంతోపాటు దొర్లకూడదు, కొత్త నిబంధన ఇది, దీన్ని కోసెయ్యండి అన్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు. మెషీనులో ఇరుక్కున్న చేతులు మా ఆసుపత్రికి ఎట్లా వస్తాయో నేను చూశాను. ఆయన చెప్పింది సరైనదే. నా ఉపాయమే తప్పు. భాయ్ గ్రైండర్ తెచ్చి కోశాడు, నిప్పురవ్వలు ఇసకలో పడ్డాయి.

నేను మా ఆయన్ని పక్కకు పిలిచాను.

"ఇప్పుడైనా చెప్పు ఆయనకు. భుజం సంగతి."

"ఈ ఒక్కటి పోనీ. ఇంత కష్టపడి కట్టినాం."

"నేను చెప్తా పో."

"చెప్పొద్దు." ఆ మాట గట్టిగా అనలేదు. బతిమాలినట్టు అన్నాడు. పెళ్ళైన దగ్గర్నుంచి ఆయన నన్ను దేనికీ బతిమాలలేదు. ముదీర్ అప్పటికే చేతి తొడుగులు వేసుకుంటూ, "యల్లా" అని పిలిచాడు. నేను కంచె దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను.

బండ్లు గీత మీదకు వచ్చాయి. ముదీర్ వంగాడు, నాకు ఆయన వీపు కనబడుతోంది, వెడల్పాటి ముసలి వీపు. మా ఆయన బల్ల మీద మోకాలు సర్దుకున్నాడు. రెండు చేతులూ కడ్డీల మీద ఉన్నాయి. తర్వాత తల ఎత్తి ఆ వీపు వైపు చూశాడు. ఆయన చూపు హెల్మెట్ లోపలుంది, నాకెలా తెలుస్తుంది, కానీ నేను చూశాననే అంటాను. బయటి కడ్డీ మీంచి కుడి చెయ్యి లేచింది.

అరిచినా ఆ మోతలో ఎవరు వింటారు.

కుడి చెయ్యి అడ్డంగా వచ్చి ఆ వీపు మీద రెండుసార్లు తట్టింది. ఎంతో మర్యాదగా తట్టింది. బండి దూకింది. కుడి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, ఎడమ చెయ్యి ఒక్కటే బండికి ఉంది. ఒక్క క్షణం ఆయన ఆ చేతికి వేలాడాడు. తర్వాత బల్ల ఖాళీ అయింది. వెనక వస్తున్న బండ్లు రెండు పక్కలకు చీలి పోయాయి, దేవుడి దయ, ఏదీ తగల్లేదు. ముదీర్ తట్టు పడింది కదా అనే నమ్మకంతో మొదటి మలుపు దాకా పోయాడు. బల్ల చక్రం గాల్లోకి లేచాక గాని తన వెనక మనిషి లేడని ఆయనకు తెలియలేదు.

నేను కంచె ఎట్లా దాటానో గుర్తు లేదు. ఆయన వెల్లకిలా పడి ఉన్నాడు. ఎడమ భుజం గుండ్రం పోయి చదునుగా ఉంది. ముట్టుకోకుండానే తెలిసిపోయింది. "కదలొద్దు" అన్నాను. "తట్టినానే" అన్నాడు.

ముదీర్ ఇసకలోంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. తట్టావు కదా, కుదురుకున్నావనే కదా పోనిచ్చాను, అని ఆయన మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు. మా ఆయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఈసారి నేను వినలేదు. మా దగ్గర పెద్దవాళ్ళ మీద ఎడమ చెయ్యి వెయ్యరు, అందుకని దూరంగా ఉన్న చెయ్యి తెచ్చాడు అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ముదీర్‌కు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నేల మీద కూర్చుండిపోయాడు. "నేనెప్పుడూ అడగనే లేదు" అన్నాడు. ఆసుపత్రిలో డాక్టరు ఈ భుజం ఇంతకు ముందు జారిందా అని అడిగినప్పుడు ముదీర్ పక్కనే ఉన్నాడు. అవునని నేనే చెప్పాను. ముదీర్ నా వైపు చూసి, తర్వాత కిటికీ వైపు చూశాడు.

ముదీర్ మా ఆయన్ని ఉద్యోగంలోంచి తియ్యలేదు. ఆపరేషన్ తర్వాత తేలిక పనికి మార్చాడు. బరువు ఎత్తడం, పైకప్పు వైపు చెయ్యెత్తి వెల్డింగు చెయ్యడం ఇక కుదరవు. బల్ల మీదకు ఇప్పుడు ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి ఎక్కుతోంది. మా ఆయన ట్రాక్‌కు పోడు. శనివారాలు ఇంట్లోనే ఉంటాడు, టీవీ చూస్తాడు, ఆదివారం చర్చిలో నా పక్కన మామూలు మొహంతో కూర్చుంటాడు. ఆ మొహాన్ని చూడటమే నాకు కష్టంగా ఉంది.

ముదీరే పట్టుబట్టి క్లబ్బులో ఇంకో నిబంధన పెట్టించాడు. తట్టు మీద ఎవరూ బయలుదేరకూడదు. బల్ల మీది మనిషి రెండు చేతులూ కడ్డీల మీద ఉన్నాయని జెండా మనిషి కళ్ళారా చూసి, జెండా ఎత్తాకే బండి కదలాలి. భాయ్ ఆ మెసేజి పంపితే మా ఆయన చదివి, "మంచి రూలే" అన్నాడు. ఫోను బోర్లా పెట్టాడు. ఆ రూలు ఎందుకు పెట్టారో మెసేజిలో రాసి లేదు.

ఇప్పుడు రోజూ సాయంత్రం వ్యాయామం. ఫిజియోథెరపీ ఆమె గోడ మీద వేళ్ళు పాకించమంది. గోడ ఆయనకు పడదు, రెండు నిమిషాలకు విసుగొచ్చేస్తుంది. అందుకని నేను ఆ పాత స్టూలు తెచ్చి ముందు కూర్చుంటాను, వెనక్కి చూడను. ఆయన ఎడమ చెయ్యి నా నడుము దగ్గర మొదలై మెల్లగా పైకి రావాలి, వచ్చి నా భుజం దగ్గర తట్టాలి. రోజూ కొంచెం పైకి వచ్చి ఆగిపోతుంది. ఆయన ఊపిరి బిగపట్టడం నాకు వినబడుతుంది.

నిన్న ఆ చెయ్యి వీపు మధ్యలో ఆగింది. జారిపోయింది. తర్వాత నా భుజం మీద రెండుసార్లు తట్టు పడింది. గట్టి చెయ్యి, వెచ్చటి చెయ్యి. ఏ చెయ్యో నాకు తెలియదా.

నేను తిరగలేదు, లేవలేదు.

"పద, అయిపోయింది, ఖలాస్" అన్నాడాయన.

"ఎడం చెయ్యి వచ్చిందాకా ఈ బండి కదలదు" అన్నాను, గోడకేసి చూస్తూ అట్లాగే కూర్చున్నాను.